గుర్రాన్ని చెలకలో వదలమన్నందుకు

ఆ లాయం యజమాని వ్యాపారాన్ని దెబ్బ కొట్టింది నేనే. అది దానంతట అదే జరిగిందని, ఎవరో ముసలాయన కళ్లబడి బయటికొచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆలోచించుకొని, రోజు చూసుకొని, ఇస్త్రీ బట్టలు వేసుకొని పోయి మరీ చేశాను. ఈ సంగతి ఎవరో చెప్పగా లోకానికి తెలిసేకంటే నేను రాసిపెట్టడమే మర్యాద.

మా వంశానికి మిగిలింది ఒక ఆడగుర్రం. తెల్లది. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేటంత దగ్గరికొచ్చే జాతి. భూములు కొన్ని సీలింగు చట్టానికి పోయాయి, కొన్ని నక్సలైటు అన్నల కాలంలో బీడుపడ్డాయి, మిగిలినవాటి కోసం మావాళ్లు ఒకరిమీద ఒకరు కోర్టులకెక్కి, చివరికి వకీళ్లకు సమర్పించుకున్నారు. తెలంగాణ వచ్చాక ఇటు నల్లగొండ చుట్టూ ఎకరం ధర ఎక్కడికో పోయింది కానీ, అప్పటికి మా పేరు మీద అమ్మడానికి ఏమీ లేదు. గడీ రాళ్లు కూడా ఒక వెంచరు ప్రహరీకి పోయాయి. ఆ ప్రహరీ పక్కనుంచి బస్సులో పోతున్నప్పుడు నేను తల తిప్పుకోను. సూటిగా చూస్తాను.

నేను పానగల్ రోడ్డు వైపు ఒక పోర్షన్ కిరాయికి తీసుకొని ఉంటున్నాను. ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పని. గడీ వెనక దొడ్డి ఉన్నన్నాళ్లూ గుర్రం అందులో తిరిగింది. దొడ్డి కూడా పోయాక దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అమ్మమని చెప్పినవాళ్లు చెప్పారు. మా నాయిన చేతుల్లో పుట్టిన గుర్రాన్ని అమ్మి ఇంటికి ఏం తెచ్చుకోను? దేవరకొండ రోడ్డులో ఒకతను లాయం పెట్టాడని, బయటివాళ్ల గుర్రాలను కూడా కిరాయికి ఉంచుకుంటాడని తెలిసి అక్కడికి తీసుకుపోయాను.

అతనిది మొదట టెంట్‌హౌస్. తర్వాత జేసీబీలు. ఈ మధ్య మన పెండ్లిళ్లలో పిల్లగాడు గుర్రమెక్కి రావడం మొదలయ్యాక తెల్లగుర్రాలు కొన్నాడు. గుర్రం గురించి అతనికి తెలిసింది రెండే, రంగు, ఎత్తు. రేకుల షెడ్డులో వరసగా కట్టేసి ఉంచేవాడు. షెడ్డు వెనక కంచె వేసిన పెద్ద చెలక, ఎర్రనేల. వానలు పడితే మోకాలెత్తు గడ్డి. ఆ చెలకను చూసే నేను ఒప్పుకున్నాను. నేను పెట్టింది ఒక్కటే షరతు. తెల్లవారినప్పటి నుంచి ఎండ ముదిరేదాకా నా గుర్రం ఆ చెలకలో తాడు లేకుండా తిరగాలి. "అట్లనే దొరా" అన్నాడు. దొరా అనే మాటను అతను పలికే తీరులో ఏదో ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

మొదటి ఆదివారం పోయేసరికి నా గుర్రం షెడ్డులో ఉంది. మెడకు రెండు పక్కలా అగాడీ, వెనక కాళ్లకు పిఛాడీ. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అగాడీ ముందు తాడు. పిఛాడీ అంటే వెనక కాళ్లకు తగిలించి, దూరంగా భూమిలో దిగ్గొట్టిన ఇనుప మేకుకు బిగించే తాడు. రెండూ వేస్తే గుర్రం నిలబడగలదు, పడుకోగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు. మా ఇంట్లో ఆడగుర్రానికి ఏనాడూ పిఛాడీ వేయలేదు. వేస్తే తన్నే బుద్ధి పోదు, నడిచే బుద్ధి పోతుందని నాయిన అనేవాడు.

అడిగితే అతను తన కారణాలు చెప్పాడు. బరాత్ గుర్రం ఒంటిమీద గీత పడకూడదు, వదిలితే ఒకదాన్నొకటి తంతాయి, కరుస్తాయి, ఒక్క మచ్చ పడితే ఆ ముహూర్తాలన్నీ పోయినట్టే. పైగా ఎర్రమట్టిలో పొర్లితే తెల్లగుర్రం ఇటుక రంగుకొస్తుంది, కడగడానికి సగం రోజు పడుతుంది. ఇవన్నీ నీ గుర్రాల సంగతి, నాది బరాత్ గుర్రం కాదు కదా అన్నాను.

"నీదొక్కదాన్నే వదిలితే మిగిలినయి ఊకుంటయా దొరా?" అన్నాడు. "తాళ్లు తెంపుకుంటయి. గప్పుడు గుర్రాలను జూసే సయీసులను తన్నినంక దవాఖానకు నువ్వు తీస్కపోతవా?"

అతని మాటలో కొంత నిజముందని అప్పుడూ నాకు తెలుసు. కానీ ఒప్పుకొన్న తర్వాత నిజాలు చెప్పడం వేరు, ఒప్పుకోకముందు చెప్పడం వేరు.

వానాకాలం పోయేసరికి నా గుర్రం వెనక కాళ్లు మోకాళ్ల కింద స్తంభాల్లాగా ఉబ్బాయి. పశువుల డాక్టరును పిలిపిస్తే, రోగమేమీ లేదు, నిలబడి నిలబడి కాళ్లకు నీరు పట్టింది, నడిపించండి చాలు అని పోయాడు. దానికంటే నన్ను కోసింది ఇంకొకటి. అది ఊగడం మొదలుపెట్టింది. తలను ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. ముందు కాళ్ల మీద బరువు మార్చుకుంటూ, ఎవరూ లేనప్పుడు కూడా. నేను దగ్గరికి పోతే ఒక్క క్షణం ఆపేది, మళ్లీ మొదలుపెట్టేది. పిచ్చిపట్టిన మనిషిని చూసినట్టుండేది.

రెండోసారి గట్టిగా అడిగాను. అతను అప్పుడు కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"మా తాత మీ గడీ ముందర చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండంట" అన్నాడు, నవ్వుతూనే. "ఇప్పుడు మీ గుర్రం నా జాగల నిలబడ్డది. జర నిలబడనీ దొరా. ఏమైతది?"

అతని తాత నడిచింది నిజమే. కానీ ఆ లెక్క తేల్చుకోవాలంటే నాతో తేల్చుకోవాలి. నేను అక్కడే నిలబడి ఉన్నాను కదా. నోరులేనిదాని కాళ్లకు తాడు బిగించి తాత పగ తీర్చుకునేవాణ్ని ఏమనాలి? ఆ రోజు బస్టాండు దాకా నడుస్తూ నేను నిశ్చయించుకున్నాను, ఇతని చేత ఆ మేకులను ఇతని చేతులతోనే పీకించాలని. ఎట్లా అన్నది అప్పటికి తెలియదు.

తర్వాత అతనే మెత్తబడినట్టు కబురు పంపాడు. రోజు విడిచి రోజు వదులుతాడట. తృప్తి కలగకపోయినా ఒప్పుకున్నాను. ఆదివారాలు పోతే నిజంగానే గుర్రం షెడ్డులో కాక బయట ఉండేది, ఊగడం కొంచెం తగ్గింది కూడా. అయితే ఒక ఆదివారం అలవాటుగా గిట్ట ఎత్తి చూశాను. చెలకలో తిరిగే గుర్రం గిట్టలో ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. దీని గిట్టలో మట్టి లేదు. అంచులు గరుకు రాయికి పెట్టి రుద్దినట్టు అరిగి ఉన్నాయి. అది తారురోడ్డు అరుగుదల. జూలులో వేళ్లు పెడితే చమ్కీ రాలింది.

అప్పటికీ అనుమానమే. రుజువు స్కూల్లో దొరికింది. మా స్కూల్లో పనిచేసే ఒక టీచరమ్మ మధ్యాహ్నం అన్నాల వేళ తన చెల్లె పెండ్లి వీడియో అందరికీ చూపిస్తూ నా టేబులు దగ్గరికి కూడా తెచ్చింది. డీజే డబ్బాలు, పటాకుల పొగ, ఆ పొగ మధ్య తెల్లగుర్రం మీద పెండ్లికొడుకు. గుర్రం ముఖానికి కళ్లదాకా వేలాడే పూసల కుచ్చులు. ముఖం కనిపించకపోతేనేం, ఆ చెవులు నాకు తెలుసు. పటాకి పేలినప్పుడు కుడి ముందుకాలు ఎత్తి, దించకుండా గాలిలో ఆపే అలవాటు నాకు తెలుసు. అది పుట్టినప్పటి నుంచి అంతే.

"గుర్రం మస్తుంది కద సార్? మా నాయిన పెట్టిచ్చిండు" అంది ఆమె.

బాగుందన్నాను. అన్నం డబ్బా మూత పెట్టేశాను.

కాబట్టి నా గుర్రాన్ని చెలకలో వదలడానికి దారి లేదు కానీ, డీజే ముందు ఆడించడానికి దారి ఉంది. నన్ను అడగకుండా, మా నాయిన గుర్రం మీద ముక్కూమొహం తెలియనివాళ్లను ఎక్కించాడు. ఉబ్బిన కాళ్లతో దాన్ని తారు మీద నడిపించాడు. ఆ సాయంత్రమే పోయి నిలదీయవచ్చు. నిలదీస్తే ఏమవుతుంది? మాట దాటేస్తూ నవ్వేసి, తీస్కపో అంటాడు. తీసుకుపోవడానికి నాకు జాగా లేదని అతనికి తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. ఆదివారం ఎప్పటిలాగే పోయి, ఎప్పటిలాగే గుర్రం మెడ తట్టి వచ్చాను. అతను చాయ్ తెప్పించాడు కూడా. తాగాను.

ఇక్కడ గుర్రం గురించి ఇంకొక సంగతి చెప్పాలి. దాని ఎడమ కంటి కింద, కన్నీరు జారే చోట, వెంట్రుకలు గుండ్రంగా చుట్టుకొని ఒక సుడి ఉంది. దాన్ని ఏడుపు సుడి అంటారు. ఎద్దుకు ఉంటే సంతలో కొనరు. గుర్రానికి ఉంటే దాని మీద ఎక్కినవాడి ఇంట్లో ఏడుపు వినిపిస్తుందని అంటారు. అది పిల్లగా ఉన్నప్పుడు నాయిన చేతులు ఇరుకులో పడి సంతకు తోలుకుపోతే, దూరం నుంచి మురిసిపోయి వచ్చినవాళ్లంతా కంటి దగ్గరికొచ్చేసరికి తల ఊపుకుంటూ వెళ్లిపోయారు. నాయిన దాన్ని తిరిగి తోలుకొచ్చి, మనింట్ల పుట్టింది మనింట్లనే ఉంటది అన్నాడు. ఆ మాటలో ఓటమి ఏమీ లేదు. తర్వాత చివరి వరకూ దాని మీదే తిరిగాడు.

రంగు, ఎత్తు చూసి గుర్రాలు కొన్న మనిషికి సుడి కనిపించలేదు. కనిపించినా దాని పేరు తెలియదు. జేసీబీకి సుడులుండవు కదా. కుచ్చులు కట్టి దాన్ని పెండ్లి తర్వాత పెండ్లికి పంపుతూనే ఉన్నాడు. నేను అతనికి చెప్పవలసిన అవసరం లేదు. అతను నన్ను అడిగి పంపలేదు కాబట్టి.

తన ఫోను స్టేటస్‌లో నా గుర్రం బొమ్మ పెట్టి, ఫలానా ఫంక్షన్ హాలులో ఎదుర్కోళ్లకు మన గుర్రమే అని అతనే చాటుకున్నాడు. పెండ్లికొడుకుది మర్రిగూడ వైపు. ఆ మాట చూసి నాకు ధైర్యం వచ్చింది. అటు మెట్ట సేద్యం చేసిన పాతకాలం మనుషులకు ఎద్దే ఆస్తి. వాళ్లకు సుడులు చదవడం నేర్పనవసరం లేదు.

తెల్లలాల్చీ, పైజామా ఇస్త్రీ చేయించుకొని పోయాను. నన్ను ఎవరూ ఎవరి తరఫు అని అడగలేదు. నిటారుగా నిలబడి ఉంటే పెండ్లిళ్లలో ఎవరూ అడగరు. హాలు గేటు ముందు ఆడపెండ్లివాళ్లు పళ్లేలు పట్టుకొని నిలబడ్డారు. రోడ్డు మీద డీజే, దాని వెనక నా గుర్రం. పెండ్లికొడుకు తాత ఒక పక్కగా కట్టె ఆనుకొని నిలబడి ఉన్నాడు. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లకు వంగిన కాళ్లు. నేను ఆయన పక్కకు పోయి నమస్కారం చేశాను.

"ఎడ్లు సాదినోళ్ల లెక్కున్నరు" అన్నాను.

"సాదినం బిడ్డా. ఇప్పుడేడియి? ట్రాక్టరొచ్చి అన్ని పాయె."

"సుడులు జూస్తరా?"

"జూడకుంట ఎట్ల కొంటం?"

"అయితే మీ మనుమడెక్కిన గుర్రానికి ఎడమ కంటి కింద ఒకసారి జూడుండ్రి."

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. తర్వాత ఏమీ అడగకుండా కట్టె టకటకమంటూ గుర్రం దగ్గరికి పోయాడు. పూసల కుచ్చులు పైకెత్తాడు. బొటనవేలితో కంటి కింద రుద్ది చూశాడు. కుచ్చులు వదిలేశాడు. మళ్లీ ఎత్తి మళ్లీ చూశాడు. అప్పుడు మనుమడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"దిగు బిడ్డా."

"తాతా, వీడియో నడుస్తాంది."

"నడవనీ. దిగు."

డీజే ఆగింది. ఆగాక అక్కడ ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, గుర్రం పళ్లతో కళ్లెం నమలడం వినిపించింది. పెండ్లికొడుకు దిగి, తలపాగా సర్దుకొని, గేటు దాకా నడుచుకుంటూ పోయాడు. ఆడవాళ్లలో మాట ఇటు చివర నుంచి అటు చివరికి పోవడం నేను చూశాను. ఏడుపు సుడి. ఏడుపు సుడి గుర్రమంట. లాయం యజమాని కారులో నుంచి దిగి ఉరికొచ్చాడు. ముసలాయన చెప్పేది అతనికి అర్థం కాలేదు. మచ్చా, పుండా, ఏదన్నా ఉంటే మందు పెడతానన్నాడు. దానికి నవ్వినవాళ్లు నవ్వారు. అప్పుడు నన్ను చూశాడు.

"ఇది ఎవలది?" అని ముసలాయన అందరినీ అడిగాడు.

"నాది" అన్నాను.

"నీదైతే పెండ్లికెందుకు పంపినవ్?"

"నేను పంపలే. గాయనను అడుగుండ్రి."

అంతకుమించి నేను మాట్లాడలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. కుచ్చులు, ముఖమల్ జీను అన్నీ విప్పి అతని కాళ్ల దగ్గర పెట్టి, వట్టి కళ్లెంతో నా గుర్రాన్ని తోలుకొని బయల్దేరాను. వెనక అతను ఎవరెవరికో సర్దిచెప్తున్నాడు. నాకు ఎంత హాయిగా ఉందో రాయగలను కానీ రాయను, నాయిన విని ఉంటే అంత సంతోషం బయటికి చూపించకూడదనేవాడు.

రోడ్డు పక్కన నడిపించుకుంటూ లాయానికి తీసుకుపోయి, చెలక గేటు తీసి, కళ్లెం కూడా విప్పి లోపలికి వదిలాను. అది రెండడుగులు వేసి ఆగిపోయింది. ముందర అంత గడ్డి, అంత జాగా. అది కదలలేదు. వెనక కాళ్లు రెండూ దగ్గరికి పెట్టి, తాడు ఉన్నప్పుడు నిలబడ్డట్టే నిలబడింది. తర్వాత తల ఊపడం మొదలుపెట్టింది. ఎడమకు, కుడికి. అంతదాకా ఉన్న హాయి అక్కడ పోయింది. గేటు వేస్తూ, నేను అతనికి చేసింది చాలా తక్కువని అనుకున్నాను.

తెల్లవారి పోయేసరికి అతను నా కోసమే ఎదురుచూస్తున్నాడు.

"నీ గుర్రాన్ని నువ్వే బద్నాం జేసుకున్నవ్ దొరా. ఇగ దాన్ని ఎవడు ముట్టడు."

"ముట్టద్దనే."

"దాన్నొక్కదాన్నా? నా తెల్లగుర్రాలన్నిటికి గదే పేరొచ్చె. ఎవనికి తెలుసు ఏది ఏదో? అడ్వాన్సులిచ్చినోళ్లు తెల్లారంగనే ఫోను జేస్తాన్రు. ఇయ్యాలనే నీదాన్ని తోల్కపో."

"తోల్కపోత. ముందుగాల, ఏ ఏ పెండ్లికి పంపినవో, ఎవల్నడిగి పంపినవో, నలుగుట్ల చెప్పు."

అతను చెప్పలేదు. నేను తోలుకుపోలేదు. పంచాయతీ అక్కడ ఆగింది.

కానీ ముహూర్తాలు అతని కోసం ఆగలేదు. ఒకటి తర్వాత ఒకటి పెండ్లిళ్లకు కార్లు పోయాయి, పూలు కట్టిన ఓపెన్ టాప్ జీపులు పోయాయి. తెల్లగుర్రాలు షెడ్డులోనే నిలబడ్డాయి. చొప్ప, శనగలు తెప్పించడం భారమైంది. సయీసులు వేరే పని వెతుక్కున్నారు. రోజూ పేడ ఎత్తేవాళ్లు లేక, అతను చివరికి తాళ్లు విప్పి అన్నింటినీ చెలకలోకి తోలాడు. ఒంటిమీద గీత పడితే పోయే ముహూర్తాలు ఎటూ లేవు కదా. మేకులు మాత్రం అట్లాగే భూమిలో ఉన్నాయి. నేను ఆదివారాలు కంచె దగ్గర నిలబడి చూసేవాణ్ని. అవి తన్నుకున్నాయి, కరుచుకున్నాయి, కొన్ని రోజులకు ఏది ముందు నడవాలో ఏది వెనక నడవాలో తేల్చుకున్నాయి. నా గుర్రం కొన్నాళ్లు గేటు దగ్గరే నిలబడింది. తర్వాత ఒక ఆదివారం గేటు దగ్గర కనిపించలేదు. వెతికితే దూరంగా, మందలో, ఇటుక రంగులో ఉంది.

ఆ సమయంలోనే టీచరమ్మ నా టేబులు దగ్గరికి మళ్లీ వచ్చింది. ఈసారి ఫోను లేదు. ఆమె చెల్లె పెండ్లికి వచ్చిన గుర్రం కూడా అదేనని అత్తగారి ఇంట్లో తెలిసిందట. ఆ మధ్య పెండ్లికొడుకు మోటారుసైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. గుర్రాన్ని పెట్టించింది మీ నాయినే, కావాలని ఏడుపు సుడి గుర్రం మీద నా కొడుకును ఎక్కించిన్రు అని అత్త ఆ పిల్లను పొద్దస్తమానం దెప్పుతోంది. గుర్రం సార్‌దంట కద, ఏమన్న శాంతి చేస్తే పోతదా అని ఆమె నన్ను అడిగింది.

నేను కొట్టిన దెబ్బ పక్కవాళ్లకు తగిలింది. లాయం యజమానికి చేసినదాని గురించి నాకు ఒక్కనాడూ బాధ లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ పిల్ల నాకేం చేసింది? శాంతులు అవసరం లేదని చెప్పి, టీచరమ్మను వెంటబెట్టుకొని ఆమె చెల్లె అత్తగారింటికి పోయాను.

ఆ అత్త మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతోంది. కాలికి కట్టుతో కొడుకు పక్క మంచంలో పడుకొని ఫోను చూసుకుంటున్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆ గుర్రం మా ఇంట్లో పుట్టింది, మా నాయిన దాని మీద ఏళ్లకేళ్లు తిరిగాడు, ముసలితనంలో మంచం మీద సుఖంగా పోయాడు.

"మరి మీ గడీ ఎందుకు కూలింది?" అందామె, గిల్లడం ఆపకుండానే. మంచి ప్రశ్న. నాకు నచ్చింది.

"సుడికి కూలలే అమ్మా. కూలగొట్టినోళ్ల పేర్లు నాకు తెలుసు. అండ్ల గుర్రం లేదు."

ఆమె కొడుకు పకపక నవ్వాడు. ఆమె వాణ్ని కసిరింది. కాసేపటికి కోడలిని పిలిచి నాకు చాయ్ పెట్టమంది. ఆ పిల్ల చాయ్ ఇస్తూ నా వైపు చూడలేదు కానీ కప్పు కింద సాసరు పెట్టింది. ఆ ఇంట్లో మిగతావాళ్లకు సాసరు పెట్టలేదు.

ఈ మాట లాయానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అతను మొదటిసారి నా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నాను. మా ఇంట్లో వచ్చినవాణ్ని నిలబెట్టే ఆచారం లేదు.

"గా ఇంట్ల చెప్పిన మాటనే ఫోన్ల చెప్పు దొరా. వీడియో తీస్త. సుడి లేదు గిడి లేదు, మా నాయిన గీ గుర్రం మీదనే తిరిగిండు అని చెప్పు. నీ మాటింటరు జనం."

"నా మాట ఇంటరని ఇప్పుడు తెలిసిందా?"

అతను తల దించుకున్నాడు. నేను నా షరతు చెప్పాను. షెడ్డులో ఉన్న పిఛాడీ మేకులన్నీ పీకాలి. నా గుర్రానివే కాదు, అన్నింటివీ. ఇక ఏ గుర్రానికీ వెనక తాడు ఉండకూడదు. పొద్దున చెలకలో వదలాలి.

"నా గుర్రాలతోని నీకేం పని?" అన్నాడు.

"నాదొక్కదాన్నే వదిలితే మిగిలినయి ఊకుంటయా?"

మరునాడు సెలవు పెట్టి పోయాను. షెడ్డులో కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. మనుషులు లేరు కాబట్టి గడ్డపార అతనే పట్టాడు. ఆ మేకులు గుర్రాల మూత్రం తాగి తాగి తుప్పుపట్టి భూమికి అతుక్కుపోయాయి. ఒక్కొక్కదాని చుట్టూ తవ్వి, ఊపి, మళ్లీ తవ్వి పీకాడు. చొక్కా తడిసిపోయింది. మధ్యలో ఒకసారి నడుము పట్టుకొని నా వైపు చూశాడు, నేను ఏమన్నా అంటానేమోనని. మూలన ఇంకొకటుందని వేలితో చూపించాను. అది కూడా పీకాడు. బస్టాండుకు నడిచిన రోజు నేను అనుకున్నది ఇదే. అనుకున్నదానికంటే బాగుంది.

మేకులు కుప్ప పోశాక చేతులు తుడుచుకుంటూ అడిగాడు, "చెప్తవా ఇగ?"

"కాళ్ల నీరు దిగనీ" అన్నాను.

వానల్లో గుర్రం కాళ్లు సన్నబడ్డాయి. వేలితో నొక్కితే గుంట పడటం లేదు. ఊగడం పూర్తిగా పోలేదు, మబ్బు పట్టినప్పుడు కొంచెంసేపు ఊగుతుంది. నేను పేరు పెట్టి పిలిస్తే చెలక అటు చివర నుంచి వస్తుంది, ఒక్కోసారి రాదు. రానందుకు నాకు కోపం రాదు. అతను మళ్లీ అడిగాడు. వానలు పోనీ అన్నాను. వానలు పోయేసరికి శ్రావణం పెండ్లిళ్లు కూడా పోయాయి. తర్వాత అడగడం తగ్గించాడు. ఆదివారం నేను పోతే కుర్చీ తెచ్చి వేస్తాడు, తనకొకటి వేసుకుంటాడు. ఇద్దరం చెలక వైపు తిరిగి కూర్చుంటాం.

మొన్న ఒకసారి ఉండబట్టలేక, "నీ మనసుల ఏమున్నదో చెప్పరాదు దొరా, ఎన్నాళ్లు తిప్పుతవ్?" అన్నాడు.

చెప్పాను. "నేను వీడియోల చెప్పిన తెల్లారే నువ్వు మేకులు మళ్ల దిగ్గొడ్తవ్."

కాదంటాడేమోనని చూశాను. అతను చెలకలో పొర్లుతున్న తన తెల్లగుర్రాలను, అవి తెల్లగా లేవనుకోండి, చాలాసేపు చూశాడు. కాదనలేదు.

అందుకే నేను ఇంకా చెప్పలేదు.